బట్టీబడి దుబాసి

నవత టీచర్ మొదటి రోజే సిద్ధు ఆటో తాళంచెవి గుంజుకుంది.

తప్పు సిద్ధుదే. పెద్దపల్లి రోడ్డు మీది ఇటుక బట్టీలో, రేకుల షెడ్డు బడి ముందు ఆమెను దింపి వెళ్లిపోవాల్సినవాడు కిటికీ దగ్గర నిలబడిపోయాడు. లోపలంతా ఒడిశా నుంచి వచ్చిన కూలీల పిల్లలు. నవత ఆవు బొమ్మ చూపించి తెలుగులో పాఠం చెబుతోంది. ఒక్క ముక్క అర్థంకాక పిల్లలు ఏడుపు ముఖాలు పెట్టారు. సిద్ధు ఉండబట్టలేక ఒడియాలో ఏదో అన్నాడు. అంతే, షెడ్డు రేకులు లేచిపోయేంత నవ్వు! ఆ నవ్వుకు బట్టీ పొగ కూడా భయపడి కాసేపు గొట్టంలోకి వెనక్కి పోయిందట.

నవత బయటికొచ్చింది. "ఏమన్నవ్?"

"ఏమనలే టీచర్."

"నన్ను జూసి నవ్వుతుర్రు. ఏమన్నవో చెప్పేదాక తాళంచెవి ఇయ్య."

"గీ టీచరమ్మ పొడిచే రకం కాదు, భయపడకుర్రి అన్న."

నవ్వు ఆమె పెదవులదాకా వచ్చి ఆగింది. ఆ ఆగిన నవ్వును చూసి సిద్ధు కూడా ఆగిపోయాడు.

"నీకు గా భాష యాడ నేర్పిర్రు?"

"మస్కట్ల."

నిజమే. మస్కట్‌లో పనిచేసినన్నాళ్లూ గదినిండా ఒడియావాళ్లే, వాళ్ల మధ్య ఒక్కడే సిద్ధు. చివరికి కలలు కూడా ఒడియాలోనే వచ్చేవి. ఒకసారి నిద్రమత్తులో ఇంటికి ఫోన్ చేసి ఒడియాలో మాట్లాడితే, కన్నతల్లి సత్తవ్వ "రాంగ్ నంబరు బిడ్డా" అని పెట్టేసింది.

"ఒడియా టీచర్ గీ యేడు రాలే," అంది నవత. "రోజూ పొద్దుగాల జరసేపు ఉండు. నా మాట పిల్లలకు, వాళ్ల మాట నాకు చెప్పు."

"నాకేమిస్తరు?"

"తాళంచెవి."

అలా మొదలయ్యాయి సిద్ధు మంచి రోజులు. ఆమె నోట్లోంచి వచ్చిన ప్రతి మాటా ముందు అతని చెవిలో పడాలి. ఆ తర్వాతే లోకానికి. "సిద్ధూ, ఏమంటుండు?" అని ఆమె తల తిప్పి చూస్తే, ఆ చూపు కోసం ఒకే వాక్యాన్ని మూడు ముక్కలుగా విరిచి చెప్పేవాడు. పిల్లాడు "ఒంటికి" అంటే కూడా పెద్ద కథలా చెబుతుంటే, పాపం ఆ పిల్లాడు కాళ్లు దగ్గరకు పెట్టుకుని ఎదురుచూసేవాడు.

ఆ స్వర్గంలోకి బసంతి వచ్చింది.

బసంతి బట్టీలో ఇటుకలు మోసే మనిషి. ఆమె కూతురు బడిలో చదువుతోంది. పని కాగానే బసంతి వచ్చి పిల్లల వెనక కూర్చునేది. చూస్తుండగానే తెలుగు పట్టేసింది. పనివాళ్ల మేస్త్రీతో తెలుగులోనే కొట్లాడితే, ఆ మేస్త్రీ మాటలు దొరక్క రెండు రోజులు సైగలతో బతికాడు. ఊరికే నేర్చుకుంటే పోయేది. బదులుగా నవతకు ఒడియా నేర్పడం మొదలుపెట్టింది.

ఒక పొద్దున ఒక పిల్ల దగ్గుతుంటే సిద్ధు నోరు తెరిచాడు.

"ఆగు సిద్ధూ, నేనడుగుత," అని నవత ఆ పిల్లవైపు వంగింది. "పాణి పిఇబ?"

పిల్ల తలూపి నీళ్లు తాగింది. తెరిచిన నోరు తెరిచినట్టే సిద్ధు నిలబడ్డాడు. నవత, బసంతి చేతులు కొట్టుకుని నవ్వారు. ఆ క్షణం అతని కడుపులో లేచిన మంటను పట్టి బట్టీలో పెడితే, బొగ్గు లేకుండా లక్ష ఇటుకలు కాలేవి.

అప్పట్నుంచీ ఎక్కడ చూసినా వాళ్లిద్దరే. చెవులు దగ్గర పెట్టుకుని గుసగుసలు. ఒకే డబ్బాలో అన్నం. "బసంతి చెప్పింది", "బసంతిని అడుగుత". సిద్ధు రోజూ అద్దంలో చూసుకుని దువ్వుకునే కొత్త క్రాపు సంగతి ఒక్కరికీ పట్టలేదు.

ఇంట్లో కంచం ముందు కూర్చుని అన్నాన్ని పిసుకుతుంటే సత్తవ్వ అడిగింది.

"ఎవని మీదరా గంత మంట?"

"ఎవని మీద కాదవ్వా. ఒగ ఆడామె మీద."

"పెండ్లైందా?"

"ఐంది. ఒగ బిడ్డ."

"మొగడు?"

"ఉన్నడు. మంచోడే."

సత్తవ్వ గరిటె కిందపెట్టింది. "మరి నడుమ నీకేం నొప్పిరా కొడుకా?"

సిద్ధు పిసికిన అన్నాన్నే మళ్లీ పిసికాడు.

ఇంతలో కబురొచ్చింది. సోమవారం చదువుల ఆఫీసు నుంచి పెద్దసారు వస్తున్నాడు. రెండు భాషల బడి బట్టీలోనే ఉండాలంటే తల్లిదండ్రుల కమిటీ వేయాలి. దాన్ని నడపడానికి వాళ్లలోంచే ఒక మనిషి లేవాలి. ఎవరూ లేవకపోతే షెడ్డుకు తాళం. పిల్లల్ని ఒడియా ముక్క రాని పెద్ద బడికి పంపుతారు.

నవత బసంతికి కబురు పెట్టింది. ఇంత పెద్ద సంగతి తన వచ్చీరాని ఒడియాలో తప్పుపోతుందని భయపడింది.

"సిద్ధూ, నువ్వే చెప్పు. కమిటీకి ఆమె తప్ప ఎవ్వలు లేరు. రోజూ పొద్దూకంగ రమ్మను. ఇద్దరం కూసొని సారుకు ఏం చెప్పాల్నో తయారైతం."

సిద్ధుకు అందులో ఒక్క మాటే వినిపించింది. ఇద్దరం.

బసంతి గుమ్మంలోకి రాగానే ఎదురెళ్లి, నవతకు అందనంత వేగంగా ఒడియాలో అన్నాడు. "దీదీ, కమిటీ పని నీవల్ల కాదంటోంది టీచరమ్మ. సాయంత్రాలు ఇటు రావద్దంటోంది."

బసంతి ముఖం పచ్చి ఇటుకలా మారింది. కూతురి చేయి పట్టుకుని వెళ్లిపోయింది.

"ఏమన్నది?"

"ఆలోచిస్త అన్నది టీచర్."

మర్నాడు బసంతి రాలేదు. ఆమె కూతురూ రాలేదు. టీచరు బసంతిని రావద్దందని విని, ఆ మర్నాటికి ఒక్క తల్లీ పిల్లల్ని పంపలేదు. ఖాళీ షెడ్డులో నవత, సిద్ధు ఇద్దరే మిగిలారు. నిజానికి ఇన్నాళ్లూ అతను కోరుకున్నది అదే. కానీ ఆమె ఒక్కసారి కూడా అతని వైపు చూడలేదు. బోర్డు మీది అక్షరాలను కొంగుతో తుడిచింది, మళ్లీ రాసింది, మళ్లీ తుడిచింది.

ఆదివారం నవత ఆటో ఎక్కింది. "బసంతి గుడిసెకు పోనియ్యి."

వాళ్లు బట్టీకి చేరేసరికి కాలం కాని కాలంలో వాన. మామూలు వాన కాదు, ఒక్కో చినుకు ఒక్కో చెంబు. ఆరబెట్టిన పచ్చి ఇటుకలు కరిగిపోతాయని జనమంతా పరుగులు. బసంతి ఒక్కతే పెద్ద టార్పాలిన్‌తో కుస్తీ పడుతోంది. నవత ఒక మూల పట్టుకుంది. సిద్ధు మరో మూల పట్టుకుని గాలి ఎగరేయకుండా దాని మీద ఒరిగాడు. ఇక వదిలితే ఇటుకలు పోతాయి. పారిపోయే దారి లేదు.

"ఎందుకు వస్తలేదో అడుగు!" అరిచింది నవత.

అడిగాడు. కోపంలో తెలుగు మరిచిన బసంతి వాన కంటే గట్టిగా, వాన కంటే ఎక్కువసేపు ఒడియాలో కురిసింది.

"ఏమంటుంది?"

సిద్ధు నోరు తడారింది, అంత వానలోనూ. ఇంకో అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఖాళీ షెడ్డు గుర్తొచ్చింది. మింగేశాడు.

"మీరు రావద్దన్నరట. ఆమెతోని కాదన్నరట."

"నేనన్ననా?"

"అనలే."

"మరి ఎవలన్నరు?"

"నేనన్న టీచర్."

నవత చూసిన చూపుకు టార్పాలిన్‌కు చిల్లు పడాల్సింది. అవతలి మూలన వాన హోరులో సరిగా వినబడక బసంతి "ఏమంటున్నావు భాయ్?" అని ఒడియాలో అడిగింది. దుబాసి కదా, చెప్పక తప్పలేదు. తన తప్పును తానే ఒడియాలోకి మార్చి అప్పగించాడు. ఇప్పుడు రెండు వైపుల నుంచీ అవే చూపులు.

"ఎందుకు జేసినవ్ సిద్ధూ?"

"మీరు ఒడియా నేర్చిర్రు. ఆమె తెలుగు నేర్చింది. ఇగ నాతోని ఏం పనుంటది? పని లేకుంటే మీ దగ్గరికి ఏం మొకం వెట్టుకొని రావాలె?" టార్పాలిన్ మూలను ఇంకా గట్టిగా అదిమిపట్టాడు. "కండ్లు మంటవుట్టినయ్ టీచర్. ఆమె మీ పక్కకు కూసుంటే సుత మంటనే."



"భాయ్, చెప్పు!" బసంతి తొందరపెట్టింది. అతను తలవంచుకుని ఒడియాలో చెప్పాడు. విన్న బసంతి పగలబడి నవ్వుతూ తన మూల వదిలేసింది. టార్పాలిన్ మీద నిలిచిన నీళ్లన్నీ జారి సిద్ధు నెత్తిన పడ్డాయి. ఆమె గబుక్కున మూల అందుకుని, తన కొత్త తెలుగులో నవతకు విడమరిచింది.

"దీదీ, గీయనకు నువ్వంటే పానం!"

"నాకు సమజైంది బసంతీ. ఆయన తెలుగులనే చెప్పిండు." నవత బుగ్గలు ఎర్రబడ్డాయి, కోపమో మరొకటో వానలో తెలియలేదు. "ఆ పానం సంగతి తర్వాత. వాన తగ్గినంక ప్రతి గుడిసెకు వోయి, నువ్వాడిన అబద్ధం నువ్వే చెప్పు. ఒడియాల."

చెప్పాడు. ఒక తల్లి చీపురు తిప్పింది, ఒకామె టీ ఇచ్చింది, ఒకామె రెండూ చేసింది. చివరి గుడిసె చేరేసరికి వెనకే తిరుగుతున్న పిల్లలకు అతని మాటలన్నీ కంఠస్థమైపోయాయి. అతను నోరు తెరవకముందే అందరూ కలిసి అప్పజెప్పారు. పొరుగు బట్టీలవాళ్లు కూడా విని, సోమవారం చూద్దామని బయల్దేరారు.

సోమవారం షెడ్డు కిక్కిరిసింది. పెద్దసారు "కమిటీకి ఎవలు లేస్తరు?" అనగానే బసంతి లేచింది.

"సారూ, నా బిడ్డ ఇంట్ల ఒగ తీర్గ మాట్లాడ్తది, బడిల ఒగ తీర్గ. ఇంటి మాట మర్చిపోతే మా ఊర్ల వాళ్ల నాయినమ్మతోని మాట్లాడది. బడి మాట రాకుంటే మీతోని మాట్లాడది. నాకు రెండు గావాలె. గీ బడి నేను జూసుకుంట."

తెలుగు ఆగిన చోట ఒడియాలో చెప్పింది, దాన్ని నవత తెలుగులోకి అందుకుంది. చేతులన్నీ ఒక్కసారి లేచాయి. పెద్దసారు కుర్చీలోంచి లేచి ఆ కుర్చీ ఆమెకే వేశాడు.

కిటికీ బయట సిద్ధు అన్నీ చూశాడు. ఎవరూ అతన్ని పిలవలేదు. మంట కోసం కడుపులో వెతుక్కున్నాడు. ఉంది, కానీ కొంచెమే. మెల్లగా ఆటో దగ్గరికి నడిచాడు.

వెనక నుంచి నవత వచ్చింది.

"బడిల ఇగ నీతోని పనేం లేదు సిద్ధూ."

"ఎరుకే టీచర్."

"ఇన్నొద్దులు పనుండి పిలిచిన." ఆమె ఆటో అద్దంలో అతని ముఖాన్నే చూస్తోంది. ఆ రోజు ఆగిపోయిన నవ్వు ఈసారి ఆగలేదు. "రేపు పనేం లేదు. అయినా రా."

"దీదీ ఏమంది భాయ్?" కిటికీలోంచి బసంతి ఒడియాలో కేకేసింది.

ఆ ఒక్క మాటను మాత్రం సిద్ధు ఎవరికీ మార్చి చెప్పలేదు.