ఒక్కటే చట్రం

ఆ ఉదయం చొప్పదండిలో జానకీబాయి ఇంటి దండెం మీద బట్టలకు బదులు పెండ్లి పత్రికలు ఆరుతున్నాయి. ఆ పెండ్లి ఆవిడ కూతురు తారాబాయిది. ఇంట్లోనే అచ్చు వేస్తానని కోడలు ప్రమోదిని అంటే జానకీబాయి మొదట మూతి తిప్పింది. చెక్క చట్రానికి పలచని ఆర్గండీ గుడ్డ బిగించి, మైనపు కాగితంలో బ్లేడుతో అక్షరాలు కోసి, దాని మీద రంగు పోసి రబ్బరు పట్టీతో లాగితే కింది అట్ట మీద పేర్లు పడ్డాయి. అది చూశాక ఆవిడే చట్రానికి పసుపు కుంకుమ పెట్టి, వచ్చిన వాళ్లందరికీ కోడలి గొప్ప చెప్పుకుంది.

పొద్దెక్కాక ముత్యం వచ్చాడు. వాళ్ల పొలం దున్నిన లచ్చయ్య కొడుకు. శ్రీరాంపూర్ బొగ్గు గనిలో పని. లచ్చయ్య పోయి మూడు రోజులైంది.

"దినాలకు కార్డులు గావాలె దొరసానీ. కరీంనగర్ల ప్రెస్సోళ్లు వందలకొద్ది అయితెనే కొడ్తరట. నాకు జరన్ని సాలు."

"కూసో ముత్యం, నేనేసిస్త," అంది ప్రమోదిని.

జానకీబాయి గయ్యిమంది. "సోయి ఉండే మాట్లాడుతున్నవా? పిల్ల పెండ్లి పత్రికలు ఇంక సగం గాలే. గదే చట్రం మీద సావు కార్డా?"

"ఉన్నది గదొక్కటే గద అత్తమ్మా. కడిగి ఆరబెడ్త."

"కడిగితె శకునం పోతదా? తారకేమన్నయితె ఎవలొస్తరు? గా కార్డు అచ్చయితె ఇగ ఈ ఇంట్ల నీ రంగుపని బంద్!"

ప్రమోదిని చేతిలో బ్లేడు ఆగింది. ఈ ఇంటికి వచ్చాక తనదంటూ ఆమెకు ఉన్నది ఆ పనొక్కటే. అయినా కొత్త మైనపు కాగితం పరిచింది.

"బందైతె కానియ్. ముత్యాన్ని వట్టి చేతుల్తోటి పంప."

విసవిసా లోపలికి పోతున్న జానకీబాయికి వెనక మాటలు వినబడ్డాయి.

"మీ బాపు పేరెట్ల వెయ్యాలె ముత్యం?"

"ఊర్లె అందరు లచ్చిగడనే అందురమ్మా. ఎట్లేస్తె మంచిగుంటదో మీకే ఎరుక."

జానకీబాయి గడప దగ్గర నిలబడిపోయింది. తార పుట్టినప్పుడు, నొప్పులతో మెలికలు తిరుగుతున్న తనను జోరువానలో బండి కట్టి దవాఖానకు చేర్చింది ఆ లచ్చయ్యే. ఆలస్యమైతే తల్లీబిడ్డా దక్కేవారు కాదన్నారు డాక్టరు. ఆ దారి పొడుగునా కూడా తను "లచ్చిగా, జల్ది పోనియ్యిరా" అనే అంది.

వెనక్కి వచ్చి కోడలి పక్కన కూర్చుంది.

"కీర్తిశేషులు లచ్చయ్య గారు అని వెయ్యి. అక్షరాలు పెద్దగ కొయ్యి. ముందుగాల ఇవే కానియ్, పెండ్లివి రేపు జూద్దాం."

ముత్యం తువ్వాలతో మొహం కప్పుకున్నాడు.

"ఉన్నన్నొద్దులు ఒక్కపారన్న గట్ల పిల్వకపోతి గదనే," అంటూ జానకీబాయి కోడలి భుజం మీద తల ఆనించి ఏడ్చింది.