మళ్ళీ రండి

నరసన్నపేట బజారులో ఇత్తడి సామాన్ల కొట్టు ఎక్కడని అడిగితే ఎవరైనా కమలాదేవి కొట్టే చూపించేవారు. బోర్డు మీద పేరు ఆవిడ భర్త నగరేశ్వరరావుది. ఆ బోర్డు వంక చూసినవాడు లేడు. బుడితి నుంచి వచ్చిన బిందెలూ చెంబులూ గంగాళాలూ చింతపండు పెట్టి తళతళా తోమించి, గల్లాపెట్టె పక్కన ఎత్తు పీట వేసుకుని, బేరమంతా ఆవిడే చేసేది. కొన్నవాళ్ళనీ, గంటసేపు సామానంతా దింపించి ఏమీ కొనకుండా లేచేవాళ్ళనీ ఒకే నవ్వుతో సాగనంపేది. "మళ్ళీ రండి" అనేది. ఆ మాటకి మొహమాటపడి తిరిగొచ్చి కొన్నవాళ్ళు ఊళ్ళో చాలామంది ఉన్నారు.

శ్రావణంలో ఆవిడ పోయింది. జ్వరమని మంచమెక్కి మరి దిగలేదు. ఆఖరి రోజుల్లో మనవరాలు పింకీ చెయ్యి పట్టుకుని వదిలేది కాదు. పిల్లని అన్నానికి తీసుకెళ్ళినా కళ్ళు గుమ్మం వైపే పెట్టుకుని చూసేది. ప్రాణం పోయాక ఆ వేళ్ళ మధ్య నుంచి పింకీ చెయ్యి విడిపించడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చింది. పింకీ అప్పుడే బడిలో చేరిన పిల్ల. మామ్మ చెయ్యి చల్లగా ఉందని మాత్రం చెప్పి, అమ్మ కొంగు చాటుకి వెళ్ళిపోయింది.

కొట్టుకి వెబ్‌సైటు ఉండాలన్నది కోడలు అర్చన పట్టుదల. ఎచ్చెర్లలో ఎం.కాం. చదివిన పిల్ల. బొంబాయిలో బెంగుళూరులో జనం ఇత్తడి గిన్నెల కోసం ఎగబడుతుంటే మనమేమో ఇక్కడ ఈగలు తోలుకుంటున్నామని భర్త ఉపేంద్రని పోరి పోరి, చివరికి తనే చేస్తానని కూర్చుంది. వీడియోలు చూసి కేకు చేసినదాన్ని, వెబ్‌సైటు చెయ్యలేనా అని ఆమె ధీమా. ఆ కేకు ఎలా ఉందో ఇంట్లో ఎవరూ ఇప్పటికీ మాట్లాడరు.

మొదట్లో తిప్పలు ఇన్నీ అన్నీ కావు. మెనూ అంటే పేజీ నెత్తిన పేర్ల వరస అని తెలియడానికే రెండు రోజులు పట్టింది. టెంప్లేటు సంగతి మాత్రం తొందరగానే బోధపడింది. అది జంతికల గొట్టం లాంటిది. అడుగున ఏ బిళ్ళ వేస్తే ప్రతి జంతికా అదే ఆకారంలో దిగుతుంది. టెంప్లేటు అడుగున ఒక మాట రాస్తే సైటులో ప్రతి పేజీ అడుగునా అదే మాట పడుతుంది. అత్తగారి మాట అత్తగారి కొట్టుకి ఉండాలని అర్చన అక్కడ "మళ్ళీ రండి" అని రాసింది. చేయి తిరగడం కోసం ముందుగా ఒక ఉత్తుత్తి పేజీ పెట్టి, కూతురి ఫొటో అంటించి, "పింకీ" అని పేరు పెట్టింది. సామాన్ల పేజీలన్నీ అయ్యాక మామగారు మొహమాటంగా అడిగారు. "మీ అత్త ఫొటో కూడా ఒకటి పెట్టమ్మా." దండ వేసిన ఫొటోతో "అమ్మ జ్ఞాపకం" అని ఒక పేజీ పెట్టింది. ఆయన అది ఫోనులో చూసి కళ్ళు తుడుచుకున్నారు.

తుఫాను ముసురు పట్టిన ఒక సాయంత్రం. ఉపేంద్ర సరుకు పని మీద శ్రీకాకుళం వెళ్ళాడు. మామగారు కొట్లో ఉన్నారు. మధ్యాహ్నం పోయిన కరెంటు రాలేదు. అర్చన ముందుగదిలో లాప్‌టాప్ తెరుచుకుని, ఫోనులోని నెట్ దానికి కలుపుకుని, గిన్నెల ఫొటోలు ఎక్కిస్తోంది. లోపల, అత్తగారు పడుకునే గదిలో, పింకీ ఇత్తడి లక్కపిడతలతో ఆడుకుంటోంది. పిడతల చప్పుడూ, పెరట్లో రేకు మీద వాన చప్పుడూ కలిసి వినిపిస్తున్నాయి. ఇంట్లో ఇంకా కాస్త వెలుతురుంది. తడిసిన గోడల వాసన వేస్తోంది.

ఫొటోలు ఎక్కించి సైటు ఎలా ఉందో చూసుకుంది. మెనూలో ఏదో తేడా. "అమ్మ జ్ఞాపకం" అన్న పేరు మీద బాణం గుర్తు పెడితే, దాని కిందికి ఇంకో పేరు జారింది.

పింకీ.

అర్చన నాలుక కరుచుకుంది. ఉత్తుత్తి పేజీ తీసేయడం మర్చిపోయింది. మెనూలో పేర్లు లాగుతుంటే చెయ్యి కాస్త పక్కకి జరిగినా ఒకటి ఇంకోదాని కిందికి పోతుంది. అలాగే అయ్యుంటుంది. చూస్తే మామగారు ఏమనుకుంటారు? పోయినావిడ కింద బతికున్న పిల్ల పేరేమిటి? గబగబా మెనూ లోపలికి వెళ్ళి ఆ పేరుని పట్టుకుని బయటికి లాగి, సేవ్ చేసింది. మళ్ళీ తెరిచి చూసింది.

అమ్మ జ్ఞాపకం. దాని కింద పింకీ.

లాప్‌టాప్ పాత పేజీనే దాచుకుని చూపిస్తుందేమో, వీడియోలో చెప్పారు కదా, అని దాచుకున్నదంతా తుడిచేసింది. మార్పు లేదు. పింకీ పేజీ తెరిచి చూసింది. ఏ పేజీ ఏ పేజీ కింద ఉండాలో చెప్పే గడి ఒకటుంటుంది. దాన్ని పేరెంట్ అంటారు. ఆ గడిలో "అమ్మ జ్ఞాపకం" అని ఉంది. అర్చన ఆ గడిని ఎప్పుడూ ముట్టుకోలేదు. దాన్ని ఖాళీ చేసి సేవ్ చేసింది. చూస్తుండగానే గడి మళ్ళీ నిండింది.

టెంప్లేటే పాడైందనుకుని వేరే టెంప్లేటు వేసింది. రంగులు మారాయి. అక్షరాలు మారాయి. సామాన్ల ఫొటోలు ఎక్కడివక్కడ చెల్లాచెదరయ్యాయి. ఆ చిందరవందరలో ఆ రెండు పేర్లు మాత్రం ఒకదాని కింద ఒకటి కుదురుగా ఉన్నాయి. ఆమెకి ఒళ్ళు మండింది. పాత టెంప్లేటే మళ్ళీ వేసి, పింకీ పేజీని చెత్తబుట్టలో వేసి, బుట్ట కూడా ఖాళీ చేసింది. ఇప్పుడేం చేస్తావో చూస్తాననుకుని సైటు తెరిచింది.

పింకీ పేరు ఒక్కటే ఉన్నచోట ఇప్పుడు రెండు మాటలున్నాయి.

పింకీ వస్తాది.

అర్చన ఆ మాటలు మళ్ళీ చదివింది. సైటులో రాసేటప్పుడు ఆమె ఎప్పుడూ పుస్తకాల భాషే రాస్తుంది. "వస్తాది" అని తను రాయదు. ఈ ఇంట్లో ఆ మాటని అంత సాగదీసి, అంత ముద్దుగా పలికేది అత్తగారొక్కరే.

అప్పుడు ఫోను మోగింది. ఉపేంద్ర.

"ఏటే, సైటు సూస్తన్నాను. బస్సు మడపాం వంతెన కాడ ఆగిపోనాది. ఏటీ తోచక తీసినాను. బాగుంది గానీ... అమ్మ పేజీ కింద అదేటే?"

"ఏటి? పింకీ పేరా?"

"పింకీ పేరేటి? అడుగున. మళ్ళీ రండి అని ఉన్నాది." అతని గొంతు తగ్గింది. "పోయినోళ్ళకి ఎవులైనా రండని సెప్తారేటే?"

చావు ఇంటికి పరామర్శకి వెళ్ళినవాళ్ళు లేచేటప్పుడు "వస్తాం" అనరు. ఇంటివాళ్ళు "రండి" అనరు. మాటా పలుకూ లేకుండా లేచి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోతారు. ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతే. అత్తగారు పోయినప్పుడు వచ్చిన బంధువులందరినీ అర్చన నోరు మూసుకునే సాగనంపింది. తీరా ఆవిడ ఫొటో కింద, దండ కింద, తన చేత్తోనే...

"నేను ఆ పేజీలో రాయలేదండీ. టెంప్లేటులో ఉన్నాది. అన్ని పేజీల్లోనూ పడిపోతాది. నేను సూసుకోలేదు."

"ముందు తీసేయ్. ఏడాదైనా తిరగనేదు. ఎప్పట్నుంచి ఉన్నాదే?"

"పేజీ పెట్టిన కాడ్నుంచీ."

అవతల బస్సు హారన్ వినిపించింది. లైను తెగిపోయింది.

అర్చన టెంప్లేటు లోపలికి వెళ్ళింది. అడుగు మాట రాసే ఫుటర్ అనే గడి ఎక్కడో ఉండాలి. మొదటిసారి ఎలా రాసిందో ఇప్పుడు గుర్తు రావడం లేదు. ఆ గడిలో చూసింది, లేదు. ఈ గడిలో చూసింది, లేదు. నెట్ నత్తలా ఉంది. తెర మీద గుండ్రం తిరుగుతూనే ఉంది. చీకటి పడుతోంది. లాప్‌టాప్ వెలుగు తప్ప గదిలో ఇంకే వెలుగూ లేదు.

అప్పుడు తెలిసింది. తడిగోడల వాసన పోయింది. చింతపండు వాసన వస్తోంది... ఇత్తడి తోమేటప్పుడు వచ్చే పుల్లటి వాసన. లోపలి గదిలోంచి.

పిడతల చప్పుడు కూడా మారింది. ఇందాక టింగు టింగుమని పిల్ల ఆట. ఇప్పుడు నెమ్మదిగా, గుండ్రంగా, ఎవరో ఓపిగ్గా తోముతున్న చప్పుడు.

"పింకీ!"

"ఊఁ" అంది పింకీ లోపల్నుంచి.

"ఏటి సేస్తన్నావు?"

"మామ్మ గిన్నెలు తోముతన్నాది. నేను సూస్తన్నాను."

లేవాలి. పరుగెత్తాలి. కానీ తెర మీద గుండ్రం ఆగింది. అక్షరాల బారులు వచ్చాయి. అర్థంకాని గుర్తుల మధ్య ఆ రెండు తెలుగు మాటలు కనిపించాయి. ఇవి పోతే అన్నీ పోతాయనిపించింది ఆమెకి. వాటిని చెరిపింది. సేవ్ నొక్కింది. గుండ్రం మళ్ళీ మొదలైంది. తెరలో ఓ పక్కన సైటు తెరిచే ఉంది. మెనూలో మాట మారింది.

పింకీ బైల్దేరినాది.

లోపల పెరటి తలుపు గొళ్ళెం తీసిన చప్పుడు. ఆ గొళ్ళెం పింకీకి అందదు.

అర్చన లాప్‌టాప్ ఒళ్ళోంచి తోసేసి పరుగెత్తింది. అత్తగారి గది ఖాళీ. పిడతలు వరసగా బోర్లించి ఉన్నాయి. ఆ చీకట్లో కూడా మెరుస్తున్నాయి. వెనక పెరటి తలుపు బార్లా తెరిచి ఉంది. గుమ్మంలో పింకీ. జల్లు మొహం మీద కొడుతున్నా కదలడం లేదు. కుడిచెయ్యి పైకెత్తి ఉంది. పెద్దవాళ్ళు పట్టుకుని నడిపిస్తే పిల్లల చెయ్యి ఎలా ఉంటుందో అలా ఉంది. ఆ చేతిని పట్టుకున్నదేమీ లేదు. అయినా చిన్న వేళ్ళు నొక్కుకుపోయి తెల్లబడ్డాయి.

ఒక కాలు గడప దాటింది.

అర్చన పిల్లని నడుం పట్టి లాగింది. రాలేదు. అవతల్నుంచి కూడా లాగుతున్నారు. మోటుగా లాగడం లేదు. ఎంతో ప్రేమగా, వదలకుండా... ఆ పట్టు అర్చనకి తెలుసు. శ్రావణంలో విడిపించిన పట్టే.

ఏం చెప్పాలో ఆమెకి తెలిసింది. చెప్పడానికి మాత్రం గుండె ఒప్పలేదు. పురిట్లో తన తల ఒళ్ళో పెట్టుకుని రాత్రంతా కూర్చున్న మనిషి. కేకు మాడిపోయినా ముక్క మిగల్చకుండా తిన్నది ఆవిడొక్కతే. అలాంటావిడని ఆవిడ ఇంటి గుమ్మంలో నిలబెట్టి... అర్చనకి ఏడుపు తన్నుకొచ్చింది.

"అత్తమ్మా... రాకు."

వాన.

"నేను రమ్మన్నది తప్పు. నీకు తెలుసు, నేను సూసుకోలేదు. మళ్ళీ రాకత్తమ్మా! నీ కాళ్ళట్టుకుంటాను, నా పిల్లని వదిలేయ్. ఇంకెప్పుడూ రాకు!"

పట్టు వదిలింది. ఇద్దరూ వెల్లకిలా లోపల పడ్డారు. పెరట్లో వానలో ఎవరో ముక్కు చీదినట్టు వినిపించింది. అంతే. చింతపండు వాసన పలచబడి, పలచబడి పోయింది.

అర్చన తలుపు మూసి గొళ్ళెం పెట్టింది. పింకీని ఎత్తుకుని ముందుగదిలోకి వచ్చి నేల మీద కూలబడింది. లాప్‌టాప్ పక్కకి ఒరిగి ఇంకా వెలుగుతోంది. భయపడుతూనే ఒక వేలు పెట్టి రిఫ్రెష్ చేసింది. పేజీ మెల్లగా దిగింది. మెనూలో అమ్మ జ్ఞాపకం, దాని కింద ఏమీ లేదు. ఫొటోలో అత్తగారు దండలోంచి చూస్తోంది. అడుగున ఖాళీ. అర్చన ఆ ఖాళీ చూసి, పిల్ల తలలో మొహం దాచుకుని, వెక్కివెక్కి ఏడ్చింది. రమ్మన్నదీ తనే, తరిమిందీ తనే.

"మామ్మ ఎలిపోనాది" అంది పింకీ. "ఏడ్సుకుంటా ఎలిపోనాది."

"ఊఁ. ఎలిపోనాదమ్మా. మరి రాదు."

పింకీ తల ఎత్తింది. తల్లి భుజం మీదుగా వీధి గుమ్మం వైపు చూస్తోంది.

"మరి ఆళ్ళో?" అంది గుసగుసగా.

"ఎవులమ్మా?"

"మామ్మతోటి వచ్చినోళ్ళు."

అర్చన వెనక్కి తిరగలేదు. తను రాకన్నది ఒక్క అత్తమ్మనే. వీధి తలుపు అవతల, అరుగు మీద, ఎవరో తడి చెప్పులు విడిచారు. తర్వాత ఇంకొకరు. వాళ్ళ వెనక ఇంకొకరు... తొందరేమీ లేకుండా, పిలిచిన ఇంటికి వచ్చినట్టు, ఒకరి తర్వాత ఒకరు చెప్పులు విడుస్తూనే ఉన్నారు.