బేస్‌మెంట్‌లో మామగారు

సాయంత్రం నాలుగున్నర. మంచు కురుస్తోంది. సరస్సు మీంచి గాలి. అమెరికా ఉత్తరపు అంచున, మా డులూత్‌లో డిసెంబరంటే ఆ వేళకే చీకటి.

మా బేస్‌మెంట్‌కి మంచి పేరు లేదు. మామగారు ఆర్విడ్ అక్కడే, తన చేపల తొట్టి ముందు కుర్చీలో కూర్చునే పోయారు. పదకొండేళ్లయింది. అప్పట్నించీ ఆయన అక్కడే తిరుగుతున్నారని అత్తగారు ఇంగా చెబుతారు. మెట్ల మీద అడుగులట. ఉప్పు వాసనట... పక్కింటావిడ కూడా నమ్మేసి, మా కింది కిటికీ వైపు చూడ్డం మానేసింది.

బతికుండగా అన్నానికి పిలిస్తే పైకి రాని మనిషి, పోయాక రోజూ మెట్లెక్కుతున్నాడంటే నాకు నవ్వొచ్చేది.

అంత పెద్ద మంచినీళ్ల సరస్సు ఒడ్డున ఉంటూ, బకెట్లో ఉప్పు కలిపి సముద్రం తయారుచేసుకునే వంశం అది. మామగారు పోయాక తొట్టీ, అందులోని రాళ్లూ గరాజ్‌లో మూలపడ్డాయి. ఈ ఏడు మా ఆయన రోల్ఫ్‌కి ఉన్నట్టుండి పితృభక్తి పొంగింది. క్రిస్మస్‌కల్లా నాన్న తొట్టిలో చేపలు ఈదాలట. నాలుగు వీడియోలు చూశాడు. సముద్రమంతా తెలిసిపోయింది.

ఆ రోజు పని నుంచి వచ్చి కారు దిగాను. కింది కిటికీలో లైటు వెలుగుతోంది. అద్దం వెనక... తెల్లగా ఏదో లేచింది. వంగింది. మళ్లీ లేచింది.

నవ్వు రాలేదు.

లోపల మా అమ్మాయి సిగ్నె సోఫాలో రెండు దుప్పట్ల కింద వణుకుతోంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అమ్మా... నోట్లో నాణెం పెట్టుకున్నట్టుంది."

"నాన్నేడీ?"

"కింద. నానమ్మ కూడా. తాతయ్య వచ్చాడంటోంది..." దగ్గు తెర ముంచుకొచ్చింది.

మెట్ల తలుపు తీశాను. ఆవిరి మొహాన కొట్టింది. సముద్రం కుళ్లిన వాసన.

రోల్ఫ్ నేల మీద, వాషింగ్ మెషీన్‌కి ఆనుకుని రొప్పుతున్నాడు.

"ఫ్లూ అనుకుంటా," అన్నాడు.

"అందరికీ ఒకే గంటలోనా?"

ఖాళీ తొట్టి ముందు, మామగారి కుర్చీలో అత్తగారు. వణుకుతున్నారు. నవ్వుతున్నారు. నన్ను భయపెట్టింది ఆ నవ్వే.

"ఆయనొచ్చాడే," అన్నారు గుసగుసగా. "గుండె పట్టేస్తోంది. నన్ను తీసుకుపోవడానికే..."

అప్పుడు నా నోటికీ తగిలింది — నాణెం. దెయ్యానికి రుచి ఉండదు. గ్యాస్ అనుకున్నాను. మూల ఉన్న పాత పొయ్యి ఆర్పేశాను. క్రిస్మస్‌కి చేపలుడికించే పెద్ద కుండ దాని మీదే ఉంది. మూత ఎగురుతోంది. తీసి చూడలేదు.

"లే, రోల్ఫ్."

"తొట్టి..."

"తొట్టి సంగతి తర్వాత. నడవలేకపోతే పాకు. సిగ్నెని కారెక్కించి ఆంబులెన్స్‌కి ఫోన్ చెయ్యి."

పాకాడు.

అత్తగారు కుర్చీ చేతులు వదల్లేదు. "నువ్వు పోవే. ఇన్నేళ్లూ ఈ రోజు కోసమే కాచుకున్నాను."

ఎత్తుకుందామంటే నా ఒక్కదాని వల్ల కాదు. వదిలేస్తే ఆ కుర్చీలో రెండో మనిషి పోతుంది. గట్టిగా ఊపిరి తీయడానికి కూడా భయం.

"అత్తయ్యా... మామగారు ఇక్కడ లేరు. కారులో ఉన్నారు."

"కారులోనా?"

"వెనక సీట్లో. హీటరు వేసుకుని."

అప్పుడే బయట హారన్ మోగింది. సిగ్నె — నా కోసం. ఆపకుండా మోగిస్తోంది.

"విన్నారా? మీరు ఆలస్యం చేస్తే ఆయన ఇలాగే మోగించేవారు కదూ."

అత్తగారు లేచారు. "చచ్చినా ఓపిక రాలేదు ఈ మనిషికి," అంటూ నా భుజం పట్టుకున్నారు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగింది: "ఇంట్లో ఏం ఉడికించారు?"

రోల్ఫ్ పైకప్పు చూశాడు. "రాళ్లు."

"ఏమిటీ?"

"తొట్టిలో రాళ్లు. శుభ్రమవుతాయని... ఉడకబెట్టాను."

ఆ రాళ్ల మీద పగడపు జీవులు ఎండి అట్టకట్టి ఉన్నాయట. ఎన్నేళ్లు ఎండినా వాటిలోని విషం చావదట. ఉడికిస్తే ఆవిరితో పాటు లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుందట. ఇంకాసేపు అక్కడే ఉండి ఉంటే...

"వీడియోలో ఎవరూ చెప్పలేదు," అన్నాడు రోల్ఫ్.

"ఐదోదాంట్లో ఉండుంటుంది. నువ్వు నాలుగే చూశావు."

విషం పోయేలా ఇల్లు కడిగినవాళ్లు సరేనన్నాక అందర్నీ తీసుకొచ్చాను. గుమ్మం ముందు దింపుతూ లెక్కపెట్టాను. రోల్ఫ్, ఇంకా దగ్గుతూ. సిగ్నె, ఆసుపత్రివాళ్లిచ్చిన మేజోళ్లతో. అత్తగారు, చేతికర్రతో. నేను.

కారు వెనక తలుపు వేయబోయాను. అత్తగారు కర్ర అడ్డం పెట్టారు.

"ఆగవే. ఆయన దిగనీ."

సీటు ఖాళీ. మంచు దాని మీద రాలుతోంది. ఆ అబద్ధం నాదే. తలుపు పట్టుకుని నిలబడ్డాను...

బరువు దిగినట్టు కారు కాస్త పైకి లేచింది. గాలే అయ్యుంటుంది.

అత్తగారు తలూపారు. తలుపు వేశాను.

మళ్లీ లెక్కపెట్టాను. నలుగురం.

నలుగురమే.