మీకు చెప్పాను, పరిశోధనకు కాదు

ఆ సామాజిక పరిశోధన సంస్థలో ఎథిక్స్ కమిటీ పని చూసే అమ్మాయిని అందరూ సంతకం మేడమ్ అనేవారు. ఇంటర్వ్యూ ఇచ్చేవాళ్లు ఒప్పుకుని సంతకం పెట్టందే ఆమె ఏ సర్వేనీ కదలనిచ్చేది కాదు. చెడిపోయిన పెళ్లి సంబంధాల మీద పనిచేస్తున్న కుర్ర పరిశోధకుడి ప్రపోజల్‌ను పదేపదే తిప్పి పంపింది.

"మీ రూల్స్ చదివేలోపు నాకే పెళ్లయిపోతుంది మేడమ్," అన్నాడతను.

"అయితే మీ ఆవిడ సంతకం కూడా పట్టుకురండి."

అలా మాటలు కలిశాయి.

ఓ సాయంత్రం వానకి బస్సు రాక, క్యాంటీన్‌లో టీ తాగుతూ ఆమె తన సంగతి చెప్పింది. అమ్మాయి మరీ పగలబడి నవ్వుతోందని, కుదిరిన సంబంధాన్ని అబ్బాయి వాళ్లు వదులుకున్నారట. అప్పట్నుంచి నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం అలవాటైందట. ఆ పూటే అతను ఆమె మీద మనసు పారేసుకున్నాడు.

మనసు పారేసుకున్నవాడు ఊరుకోవాలి కదా. సెమినార్ వ్యాసంలో ఆ ముక్కని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడంతో సహా, దించేశాడు. పేరు లేదుగా, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాడు. అది చదవగానే హాలంతా గొల్లుమంది. తనూ నవ్వబోయి తలెత్తాడు. వెనక వరసలో ఆమె బిగుసుకుపోయి కూర్చుంది. పక్కనున్న సహోద్యోగిని అప్పటికే ఆమె వంక అదోలా చూస్తోంది. ఆ తర్వాత ఏం చదివాడో అతనికే తెలియదు.

మెట్ల దగ్గర ఆమెను ఆపి, పేరు పెట్టలేదు కదా అని నసిగాడు.

"మీకు చెప్పాను. మీ పరిశోధనకు చెప్పలేదు," అందామె.

సిగ్గుతో చితికిపోయాడు. మర్నాడు తనే డైరెక్టర్ దగ్గరికెళ్లి, ఎవరి మాటో బయటపెట్టకుండా తప్పు ఒప్పుకుని, వ్యాసం వెనక్కి తీసుకున్నాడు. విచారణ మొదలవగానే ఆమె, ఇందులో తాను ఉండకూడదంటూ లేచి వెళ్లిపోయింది. అతను కొన్నాళ్లు ఎవరినీ ఇంటర్వ్యూ చేయకూడదని కమిటీ తేల్చింది. ఆ తర్వాత ఆమె ఎదురైతే చాలు, నోటీసు బోర్డు చదువుతున్నట్టు అటు తిరిగిపోయేవాడు.

చివరికి ఆమే అతని టేబుల్ దగ్గరికొచ్చి, ఇలా ఎన్నాళ్లు తప్పించుకు తిరుగుతారని అడిగింది.

"మీ మొహం చూడాలంటే సిగ్గేస్తోంది. ఆ వాన రోజే మీరంటే ఇష్టం పుట్టింది. ఆ రోజు విన్నదాన్నే తీసుకెళ్లి పదిమంది ముందు పెట్టాను."

కోపం ఇంకా పోలేదందామె. ఎప్పుడు పోతుందో కూడా చెప్పలేనంది.

"అమ్మకి అంతా చెప్పాను. ఆదివారం మిమ్మల్ని ఇంటికి రమ్మంది, తిట్టడానికి."

"వస్తాను," అన్నాడు తల వంచుకునే.

"వచ్చి నా పక్కన కూర్చోండి. అమ్మ తిట్లు ఒక్కరే తట్టుకోలేరు."