సంతకం పెట్టని మేనేజర్

మనసుకు నచ్చిన అబ్బాయి పెళ్ళి మాటెత్తితే సిగ్గుపడాలి. హంసికకు మాత్రం ఒళ్ళు మండింది.

అమెరికాలో, మోరిస్‌విల్ అనే ఊళ్ళోని ఓ వృద్ధుల హోమ్‌లో ఆమె ఫిజికల్ థెరపిస్ట్. మోకాలి ఆపరేషన్ అయిన ముసలివాళ్ళు ఆమె చెయ్యి పట్టుకునే మళ్ళీ అడుగేస్తారు. పనికి మనుషులు దొరక్క అక్కడ సగం గదులు ఖాళీ. అయినా గ్రీన్ కార్డ్‌కి ఫైల్ చేయమంటే హోమ్ వాళ్ళది ఏటా ఒకటే పాట, వచ్చే ఏడాది చూద్దామని. వాళ్ళకు ఆమె చేతులు కావాలి గానీ మనిషి అక్కర్లేదు. వీసా గడువు కరిగిపోతోంది. ఇంకొన్నాళ్ళు ఇలాగే సాగితే పెట్టె సర్దుకోవడమే.

వేదాంత్ ఆ హోమ్ మేనేజర్. ఇక్కడే పుట్టిన తెలుగు కుర్రాడు. ఆమె డబ్బాలో పులిహోర ఉందని తెలిస్తే లంచ్ టైమ్‌లో అటే తచ్చాడుతుంటాడు. ఆ సాయంత్రం, వాన వెలిసిన పార్కింగ్ లాట్‌లో ఆమెను ఆపాడు.

"నేను సిటిజన్ కదా. మనం మ్యారీ చేసుకుంటే నీ ప్రాబ్లమ్ సాల్వ్ అయిపోతుంది."

ఆ మాట కోసమే ఇన్నాళ్ళూ ఎదురుచూసినందుకు తన మీద తనకే కోపమొచ్చింది హంసికకు.

"నాకు జాలి పెళ్ళి వద్దు. నువ్వు సంతకం పెడితే నా ఫైల్ కదులుతుంది. ఎందుకు పెట్టలేదు?"

వేదాంత్ అసలు సంగతి చెప్పాడు. కార్డ్ వస్తే అందరూ పెద్ద హాస్పిటల్స్‌కి వెళ్ళిపోతారని ఓనర్ ఆపమన్నాడట.

"నేనూ ఓకే అన్నాను. నువ్వు వెళ్ళిపోతావని భయమేసింది."

"కట్టేసి ఉంచుకోవడాన్ని ప్రేమంటారా మీ ఊళ్ళో?"

ఆ తర్వాత వాళ్ళ మధ్య గుడ్ మార్నింగ్ కూడా లేదు. హంసిక పక్కనే ఉన్న రాలీ సిటీలో ఒక హాస్పిటల్‌కి అప్లై చేసింది. ఆమె పనితనం ఎలాంటిదని వాళ్ళు ఫోన్ చేసి అడిగితే, ఇలాంటి థెరపిస్ట్ మళ్ళీ దొరకదని, చేరగానే గ్రీన్ కార్డ్‌కి ఫైల్ చేయమని చెప్పాడు వేదాంత్. సంగతి తెలిసి ఓనర్ చీవాట్లు పెట్టాడు. పోతే పోనీ, ఇంకొకరిని తెప్పిద్దామన్నాడు, పాడైన కుర్చీ మార్చినంత తేలిగ్గా. ఆ మాటకి వేదాంత్ మొదటిసారి ఆయన మీద గొంతు పెంచాడు.

రాలీ వాళ్ళు హంసికకు ఉద్యోగమిచ్చి, కార్డ్‌కి ఫైల్ చేస్తామన్నారు; వేదాంత్ ఏమన్నాడో కూడా చెప్పారు. ఆఖరి రోజు అతను ఆమె కారు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఇప్పుడు నా సిటిజన్‌షిప్‌తో నీకు పని లేదు. నాతో కూడా లేదు. బట్ నువ్వంటే నాకు ఇష్టం. అది చెప్పాలని వచ్చా."

హంసిక అతణ్ణి ఎగాదిగా చూసింది.

"కోపం ఇంకా తగ్గలేదు. చాలా తిట్టాలి నిన్ను."

"తిట్టు."

"ఇక్కడ కాదు. ఆకలేస్తోంది, కారెక్కు."