నాయనమ్మకో స్టూలు

నిలబడి పని చేయడం బస్వమ్మ పంతం. అరవై ఆరేళ్లొచ్చినా జొన్న రొట్టెలు స్టవ్ గట్టు దగ్గర నిలబడే కొడుతుంది. మోకాళ్లు ఎంత పీకినా కూర్చోదు. కోడలు నాగరాణి ఎత్తు స్టూలు తెచ్చి వేస్తే కాలితో పక్కకు నెట్టేస్తుంది.

ఆ ఉదయం బస్వమ్మ రొట్టెలు కొడుతుండగా ఆమె ఆడబిడ్డ దేవమ్మ కందులు పట్టుకుని ఝరాసంగం నుంచి ఆటోలో వచ్చింది. ఇంటికి ఎవరొచ్చినా బస్వమ్మ చాయ్ కంటే ముందు మనవరాలిని పిలుస్తుంది. తొమ్మిదేళ్ల అలేఖ్య బొటనవేలిని వంచి ముంజేతికి ఆనిస్తుంది, మోచేతులు వెనక్కి విరిచి చూపిస్తుంది. చూసినవాళ్లు నోరెళ్లబెడతారు. బస్వమ్మకు అంతకంటే ఏం కావాలి? ఆదివారం బడిలో యోగా పోటీ. బహుమతి తమ ఇంటికేనని వాడంతా చాటేసింది కూడా.

"బిడ్డా, దేవమ్మవ్వకు జర నీ చెయ్యి చూపియ్యి."

పిల్ల చెయ్యి చాచేలోపే నాగరాణి వచ్చి పట్టుకుంది. నిన్న దవాఖానలో డాక్టరమ్మ చెప్పిందంతా వరసగా చెప్పింది. పిల్లకు పుట్టుకతోనే కీళ్లు వదులు. ఇలా వంచీ వంచీ భుజం రెండుసార్లు జారింది. ఇక వంచి చూపించడాలూ, పోటీలూ మానాలి, కండలకు బలం వచ్చే కసరత్తు చేయాలి. ఇది వంశంలో వచ్చేదట.

చివరి మాటకు బస్వమ్మకు ఒళ్లు మండింది.

"మా వంశంల గిట్లాంటివి లేవు. మీ పుట్టింటి దిక్కు చూస్కో. పోటీకైతే పోవుడే."

అత్తకు ఏనాడూ ఎదురు చెప్పని నాగరాణి ఇవాళ చెప్పింది.

"మీరేమన్నా అనున్రి అత్తమ్మా. నా బిడ్డ భుజం ఇంకోసారి జారనియ్య."

తప్పు తనలోనూ ఉందంది. పిల్ల రాయకుండా పెన్సిలు పడేస్తే బద్ధకమని తిట్టింది తనే. వేళ్లు నొప్పి పుట్టి అలా చేసేదని నిన్నే తెలిసింది.

అలేఖ్యకు ఏడుపొచ్చేసింది. "వంచితే నొప్పైతది నాయనమ్మా. నువ్వు ఖుషీ అయితవని చేసిన."

బస్వమ్మ చేతిలో రొట్టె సగంలోనే ఆగిపోయింది. ఇంతకాలం చుట్టాల ముందు తను మురిసిపోయింది పిల్ల నొప్పిని చూసా?

అప్పటిదాకా చాయ్ ఊదుకుంటున్న దేవమ్మ నింపాదిగా అంది. "నీ చేతులు మాత్రం తక్కువనా వదినె? కొత్త కోడలప్పుడు పత్తి ఏరుతుంటే నీ ఏళ్లు ఎనక్కి పోతుండె. జరసేపటికే కూసుంటున్నవని మా అమ్మ నిన్ను పనిదొంగ అంటుండె గదా."

బస్వమ్మ పిండి చెయ్యి చూసుకుంది. మెల్లగా బొటనవేలిని వంచింది. అది బుద్ధిగా వెళ్లి ముంజేతికి ఆనింది.

"నాయనమ్మా, నీది గూడ!" అలేఖ్య ఏడుపులోనే నవ్వేసింది.

పనిదొంగ. నలభై ఎనిమిదేళ్లు ఆ మాటను మోసింది బస్వమ్మ. నిజమేననుకుంది. తనది నొప్పి అనుకోలేదు, ఒళ్లొంగకపోవడం అనుకుంది. అందుకే మళ్లీ ఎవరూ ఆ మాట అనకుండా ఇన్నేళ్లూ పని దగ్గర కూర్చోలేదు. కన్నీళ్లు జలజలా రాలాయి.

"నేను పనిదొంగను కాదా నాగరాణీ?"

"ఎన్నడూ కాదత్తమ్మా," అంటూ నాగరాణి ఆ పిండి చేతులనే పట్టుకుంది.

ఆదివారం పోటీకి ఎవరూ వెళ్లలేదు. హాల్లో చాప పరిచి, డాక్టరమ్మ నేర్పిన కసరత్తు నాయనమ్మా మనవరాలూ కలిసి మొదలుపెట్టారు. కొడుకు శివరాజ్ అంకెలు లెక్కపెడుతుంటే బస్వమ్మ ఎనిమిది నుంచి నేరుగా పదికి దూకేది. అలేఖ్య పట్టుకుని మళ్లీ చేయించేది. బహుమతి ఏమైందని పక్కింటివాళ్లు అడిగితే, తమాషా బంద్ అని బస్వమ్మే చెప్పింది.

సోమవారం పొద్దున మూడో రొట్టెకే మోకాళ్లు పీకాయి. స్టూలు పక్కనే ఉంది. బస్వమ్మ దాన్ని కాలితో తన వైపుకు లాక్కుని, కూర్చుని, నాలుగో రొట్టె కొట్టింది.