చాలు అన్నారు మాస్టారు

పొద్దున్న ఏడున్నరకి పక్కింట్లో మొదటి సుత్తి దెబ్బ పడింది. పిన్ని కాఫీ గ్లాసు మీద సాసరు బోర్లించి, అన్నం గిన్నె మీద తడిగుడ్డ కప్పి, కిటికీ మూయడానికి ముందుగదిలోకి పరుగెత్తింది. నాలుగు వారాలుగా ఇదే వరస. ఎన్ని గుడ్డలు కప్పినా సిమెంటు దుమ్ము ఎక్కణ్ణించో దూరి వచ్చి దిండు గలీబుల మీద, మందు సీసాల మీద, ఆఖరికి ఆవిడ కళ్ళజోడు మీద కూడా తీరిగ్గా కూర్చుంటోంది.

కిటికీ పక్కన కుర్చీలో మాస్టారున్నారు. ముప్పైరెండేళ్ళు బళ్ళో డ్రిల్లు మాస్టారుగా పనిచేసిన మనిషి. మైదానం ఈ చివర నుంచుని ఒక్క కేక వేస్తే ఆ చివర పిల్లలు చొక్కా గుండీలు సర్దుకునేవారు. మూడు నెలల కిందట ఆయనకి పక్షవాతం వచ్చింది. కాలు కాస్త కూడదీసుకుంది, కుడి చెయ్యి ఇంకా బద్ధకిస్తోంది, మాట మాత్రం పూర్తిగా పడిపోయింది. మాస్టారి డ్రిల్లు ఆగితే పక్కింటి డ్రిల్లింగు మొదలైందని వీధిలో ఎవరో హాస్యమాడారు. పిన్ని వాళ్ళతో వారం రోజులు మాట్లాడలేదు.

ఆవిడ వీధి మొత్తానికీ హలో పిన్ని. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పాతికేళ్ళు చెవులకి ఫోను తగిలించుకుని కూర్చుంది. గరగరల మధ్య ఇద్దరు ముగ్గురు ఒకేసారి మాట్లాడుతున్నా ఎవరేమన్నారో విడదీసి చెప్పేది. "సగం మాట నా చెవిన పడితే మిగతా సగం నేనే చెప్పేస్తాను" అని గొప్పగా అనేది కూడా. ఇప్పుడు ఆ చెవికి కావలసింది ఒక్క గొంతు. అదే వినపడటం లేదు.

"మొదటి ఆరు నెలలూ చాలా ముఖ్యమండీ" అని ఆస్పత్రిలో మాటలు నేర్పే అమ్మాయి చెప్పింది. ఒక కట్ట బొమ్మల అట్టలు కూడా ఇచ్చింది. ఆరులో మూడు నెలలు అయిపోయాయి. పిన్ని గోడ మీద క్యాలెండరు వైపు చూడటం మానేసింది.

ఆవిడ కిటికీ మూయగానే మాస్టారు ఎడమ చేత్తో కుర్చీ చేతి మీద టపటపా కొట్టారు.

"గాలాడటం లేదా? సరే, ఒక రెక్క తెరుస్తాను. చప్పుడు మాత్రం భరించాల్సిందే." పిన్ని రెక్క తెరిచి, పిల్లి బొమ్మ ఉన్న అట్ట ఆయన ముందు పెట్టింది. "ఇటు చూడండి. ఇదేమిటి? పి... పి..."

మాస్టారు పిల్లిని చూడలేదు. ఆయన చూపంతా కిటికీ బయటే ఉంది. ప్రహరీకి అవతల, పది అడుగుల దూరంలో, పక్కింటి కళ్ళజోళ్ళ షాపు అబ్బాయి ఒక గది కట్టిస్తున్నాడు. మేస్త్రీ ఇటుకలు పేరుస్తుంటే మేస్త్రీ భార్య తట్టతో సిమెంటు మాలు అందిస్తోంది. గోడ మొన్న నడుమెత్తు ఉండేది, ఇవాళ మెడ దాకా లేచింది.

"అమ్మా, నాన్నని కాసేపు వదిలెయ్యి. చూడనీ" అంది కూతురు, భుజానికి సంచి తగిలించుకుంటూ. రక్తపరీక్షల ల్యాబులో పని, ఎనిమిదింటికల్లా అక్కడుండాలి.

"ఏం చూస్తారే ఆ దుమ్ములో? తల పగిలిపోయే ఆ మోతలో ఎవరికైనా మాటొస్తుందా?"

"మోత నీకు. నాన్న ఒక్కసారైనా చెవులు మూసుకున్నారా?"

"మూసుకోవడానికి చెయ్యి లేవాలిగా" అంది పిన్ని. అనేశాక నాలిక కరుచుకుంది. కూతురు గుమ్మం దిగి వెళ్ళిపోయింది.

పిన్ని మళ్ళీ పిల్లి అట్ట ఎత్తింది. గడియారం అట్ట ఎత్తింది. కప్పు అట్ట ఎత్తింది. పక్కింటి మోత ఒక్క క్షణం ఆగింది. అప్పుడు మాస్టారి పెదవులు కదిలాయి. మెడ నరం బిగిసింది. గొంతులోంచి తుప్పు పట్టిన గొళ్ళెం తీసినట్టు ఒక మాట బయటికొచ్చింది.

"చాలు."

పిన్ని చేతిలో అట్టలన్నీ కిందపడ్డాయి. ఆ క్షణాన ఆవిడ చెవికి ఇంకేమీ వినపడలేదు. ఆయన మోకాళ్ళ మీద తల పెట్టి ఏడ్చింది. ఏడుస్తూ ఉండగానే ఆ మాటకి అర్థం కూడా తట్టింది. మూడు నెలల తర్వాత నోరు తెరిచి మనిషి అడిగిన మొదటి కోరిక. చాలు. ఈ మోత ఇంక చాలు. సగం మాట వింటే మిగతా సగం చెప్పగలిగిన చెవి మరి.

కొంగుతో కళ్ళు తుడుచుకుని తిన్నగా పక్కింటికి నడిచింది.

కళ్ళజోళ్ళ అబ్బాయి షాపుకి బయల్దేరుతున్నాడు. ఆవిణ్ణి చూసి చెప్పులు విప్పేసి ఎదురొచ్చాడు. "రండి పిన్నిగారూ. మాస్టారు ఎలా ఉన్నారు?"

"ఎలా ఉంటారు? నెల్లాళ్ళుగా చెవుల్లో సుత్తులు పడుతుంటే ఎలా ఉంటారు? ఇవాళ ఆయన నోరు తెరిచారు బాబూ. తెరిచి, చాలు అన్నారు. మీ పని ఆపించు."

అతని మొహం ఒక్కసారి వెలిగి, వెంటనే నల్లబడింది. "మాట్లాడారా? ఎంత మంచి మాట చెప్పారు. కానీ పిన్నిగారూ, మా ఆవిడకి ఏడో నెల. ఉన్నవి రెండే గదులు. ఇంకో నెలలో వాళ్ళమ్మగారు వస్తారు. ఈలోగా..."

"నీకు గది కావాలి. నాకు మనిషి కావాలి. ఏది ముందో నువ్వే చెప్పు."

ఆ మాట పిన్ని గట్టిగానే అంది. అటు మేస్త్రీ చెయ్యి కూడా ఆగిపోయింది. మేస్త్రీ భార్య తట్ట దించి ఒకడుగు ముందుకొచ్చింది. "అమ్మగారూ, మాస్టారు..."

"నువ్వు మధ్యలో రాకమ్మా" అంది పిన్ని, ఆమె వైపు చూడకుండానే.

కళ్ళజోళ్ళ అబ్బాయి సగం లేచిన గోడ వైపు చూశాడు. మూడు నెలల కిందట, మాస్టారు వీధి గుమ్మంలో కుప్పకూలిన రోజున, రెండు చేతులా ఎత్తి కార్లో పడుకోబెట్టి ఆస్పత్రికి చేర్చింది అతనే. అది పిన్నికి ఆ క్షణంలో గుర్తు లేదు. గుర్తున్నా ఆగేది కాదేమో.

"సరే పిన్నిగారూ" అన్నాడు చివరికి. "మాస్టారు కోలుకోనివ్వండి. గది ఎక్కడికీ పోదు." మేస్త్రీ తాపీ కడిగి సంచిలో వేసుకున్నాడు.

మర్నాడు ఏడున్నరకి చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. పిన్ని ఇల్లంతా తుడిచి, గలీబులు మార్చి, కిటికీ రెండు రెక్కలూ బార్లా తెరిచింది. మాస్టారు కిటికీలోంచి చూశారు. సగం లేచిన గోడ, ఖాళీ తట్ట, మనుషులెవరూ లేరు. పిన్ని పిల్లి అట్ట తెచ్చింది. ఆయన కళ్ళు మూసుకున్నారు.

రెండో రోజు అన్నం రెండు ముద్దలతో ఆపేసి మొహం తిప్పుకున్నారు. ఇంకో ముద్ద పెట్టబోతే పెదవులు బిగించారు. మూడు నెలలుగా ఆవిడ అంచనాతోనే పెడుతోంది. ఎప్పుడు ఆకలేస్తుందో, ఎప్పుడు కడుపు నిండుతుందో ఆయన చెప్పలేరు, ఈవిడే లెక్క వేసుకోవాలి. ఆ రోజు లెక్క తప్పినట్టే అనిపించింది.

"నువ్వడిగిన నిశ్శబ్దం వచ్చింది. మరి మాటలేవమ్మా?" అంది కూతురు, సాయంత్రం తండ్రి కాళ్ళు ఒత్తుతూ.

"నేనడగలేదు. ఆయనడిగారు. నా చెవులతో విన్నాను."

"ఏమో. నాన్న మెడ చూడు, మళ్ళీ వాలిపోయింది. ఆ గోడ లేచేటప్పుడు దానితోపాటు నిటారుగా లేచేది." కూతురు కాళ్ళు ఒత్తడం ఆపింది. "ఆయన్ని ఎత్తుకెళ్ళిన మనిషితో తగువు పెట్టుకున్నావు. అది కూడా నాన్న అడిగారా?"

పిన్ని లేచింది. వంటింట్లోకి వెళ్ళి తుడిచిన గిన్నెలే మళ్ళీ తుడిచింది.

మూడో రోజు మధ్యాహ్నం ప్రహరీ అవతల గలగలమని చప్పుడైంది. మేస్త్రీ భార్య. మర్చిపోయిన తట్ట, జల్లెడ పట్టుకుపోవడానికి వచ్చినట్టుంది. పిన్ని తడి బట్టలు ఆరేస్తూ గుమ్మం దగ్గర ఆగింది. కిటికీలోంచి మాస్టారి ఎడమ చెయ్యి పైకి లేవడం ఆవిడ కంటపడింది. అరచెయ్యి తెరిచి, మైదానంలో పిల్లల్ని పిలిచినట్టు ఊపారు.

"ఇంకా" అన్నారు మాస్టారు. మాట ముద్దగా ఉంది, కానీ మాటే.

"తెస్తున్నా మాస్టారూ" అంది మేస్త్రీ భార్య, రోజూ అలవాటైన మాట ఏదో అన్నట్టు. అన్నాక పిన్నిని చూసి గతుక్కుమంది.

పిన్ని తడి బట్ట అలాగే చేత్తో పట్టుకుని ప్రహరీ దగ్గరికి నడిచింది. "ఏం తెస్తావమ్మా? ఏమిటిది?"

"మాలు అమ్మగారూ. నేను గోడ మీద మాలు పోస్తుంటే మా ఆయన ఇంకా, ఇంకా, చాలు అంటాడు. మీ మాస్టారు కూడా అక్కణ్ణించి అంటుండేవారు. మొదట్లో ఉత్త పెదాలే కదిలేవి. గొంతు మొన్న మొన్ననే వచ్చింది." ఆమె కొంచెం బెరుకుగా, కొంచెం మురిపెంగా చెప్పుకుపోయింది. "ఒకరోజు మా ఆయన టీ తాగడానికి వెళ్ళాడు. నేను పోస్తున్నాను. మాస్టారు చెయ్యి అడ్డంగా పెట్టారు. నేను ఆపేశాను. మా ఆయన వచ్చి, ఎవరాపమన్నారే అన్నాడు. మాస్టారు అన్నాను. చూస్తే సరిగ్గా అక్కడికి సరిపోయింది. మాకు నవ్వాగలేదు. ఆయనా నవ్వారు."

"నవ్వారా?"

"పకపకా నవ్వారమ్మగారూ. మీరు చూడలేదూ?"

పిన్ని చూడలేదు. పిల్లినీ గడియారాన్నీ పట్టుకుని ఆయన మొహం తనవైపు తిప్పుకోవడంలో మునిగిపోయింది. అప్పుడు గుర్తుకొచ్చింది. ఆ రోజు మోత ఆగిన క్షణంలో, ఆయన గొంతుకి సరిగ్గా అర క్షణం ముందు, గోడవతల మేస్త్రీ గొంతు కూడా అదే మాట అంది. రెండు లైన్లు ఒకేసారి వినగలిగిన చెవి ఒక్క లైనే విన్నది. మాస్టారు ఆవిడతో చాలు అననే లేదు. ఆయన పనిలో ఉన్నారు. చెప్పిన మాటకి అవతలి చెయ్యి ఆగుతోంది, కదులుతోంది. ముప్పైరెండేళ్ళు ఆయన చేసింది ఆ పనే కదా. ఆ పనిలోంచే తను ఆయన్ని లాక్కొచ్చేసింది.

"ఆ రోజు ఇదే చెప్పబోయాను" అంది మేస్త్రీ భార్య నెమ్మదిగా.

"చెప్పనివ్వలేదు నేను. నా బుద్ధి గడ్డి తిన్నది తల్లీ" అని పిన్ని ప్రహరీ మీంచి ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి సిమెంటుకి గరుకెక్కి ఉంది. ఆ గరుకు చేతిని కళ్ళకద్దుకుంటే మేస్త్రీ భార్య కంగారుపడిపోయింది.

సాయంత్రం కళ్ళజోళ్ళ షాపు తలుపు తోసేసరికి అతను ఎవరికో అద్దాలు బిగిస్తున్నాడు. పిన్ని స్టూలు మీద కూర్చుని, కొనుక్కోవడానికి వచ్చినామె వెళ్ళేదాకా ఓపిక పట్టింది.

"బాబూ, ఒకటి అడుగుతాను, నవ్వకు. ఆ మోత మళ్ళీ మొదలుపెట్టించు."

అతను నవ్వలేదు. ఆవిడ చెప్పిందంతా విన్నాడు. విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, అది శుభ్రంగానే ఉన్నా. "నా చెవిదాకా రాలేదు పిన్నిగారూ ఈ సంగతి. తెలిస్తే రెండు గదులు కట్టించేవాణ్ణి."

"ఆ రోజు నువ్వు ఎత్తుకెళ్ళకపోతే ఇవాళ నాకీ మాట కూడా దక్కేది కాదు. అది మర్చిపోయి నోరు పారేసుకున్నాను."

"మా ఆవిడ పురిటికి మీరే ముందుండాలి. అప్పుడు చెల్లు" అన్నాడతను, ఆవిడ తేలికపడాలని.

మేస్త్రీ ఈలోగా వేరే చోట పని ఒప్పుకున్నాడు. అది ముగించుకుని సోమవారం వచ్చాడు. ఆ పొద్దున పిన్ని గిన్నెల మీద గుడ్డలు కప్పలేదు. మాస్టారికి గడ్డం గీసి, ఉతికిన చొక్కా తొడిగి, కుర్చీని కిటికీకి ఇంకా దగ్గరికి జరిపింది. రెండు రెక్కలూ ఆవిడే తెరిచింది. కూతురు ల్యాబుకి ఆలస్యమవుతున్నా గుమ్మంలో నిలబడింది.

మేస్త్రీ తాపీ చేత పట్టుకుని కిటికీ వైపు తిరిగాడు. "మాస్టారూ, మొదలెట్టమంటారా?"

మాస్టారి మెడ నిటారుగా లేచింది. "కానీ" అన్నారు.

దెబ్బ పడింది. దుమ్ము లేచింది. ఆ దుమ్ము వచ్చి కాఫీలో పడుతుంటే పిన్ని ఆ కాఫీనే తృప్తిగా తాగింది. ప్రహరీ మీద మరో రెండు గ్లాసులు పెట్టి మేస్త్రీ దంపతుల్ని పిలిచింది. పిల్లి, గడియారం, కప్పు బీరువాలోకి వెళ్ళాయి. ఆస్పత్రి అమ్మాయికి సంగతి ఫోనులో చెబితే, "ఇంకేం కావాలండీ, ఇక మీరూ ఆయన్ని అడిగి అన్నీ చెయ్యండి" అంది.

మధ్యాహ్నం భోజనానికి మాస్టార్ని బల్ల దగ్గర కూర్చోబెట్టింది. ఈసారి అంచనా వెయ్యలేదు. గరిటె ఎత్తి ఆయన మొహంలోకే చూస్తూ కొద్ది కొద్దిగా వడ్డించింది. కిటికీ అవతల ఇటుకల చప్పుడు ఆగకుండా వస్తోంది. ఒక గరిటె, ఇంకో అర గరిటె.

"చాలు" అన్నారు మాస్టారు. ఈసారి గోడతో కాదు. ఆవిడ కళ్ళలోకి చూసి అన్నారు.

పిన్ని చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. మూడు నెలలుగా తను ఒక్కతే మోస్తున్న లెక్కని ఆయన వచ్చి అందుకున్నట్టయింది. గరిటె పట్టుకునే ఏడ్చేసింది, చిన్నపిల్లలా, ముక్కు ఎగబీలుస్తూ. మాస్టారు ఆవిణ్ణి అలాగే చూశారు. కంచం నిండానే ఉంది. అయినా ఎడమ చేత్తో కంచాన్ని మెల్లగా ఆవిడ వైపు జరిపారు.

"ఇంకా" అన్నారు.

ఆయనకి అంత ఆకలి లేదని ఆవిడకి తెలుసు. కళ్ళు తుడుచుకుని ఇంకో అర గరిటె వడ్డించింది.